పద్నాలుగిళ్ల ముద్ద

సుక్రును చూస్తే కోడెలు తాళ్లు తెంపుకునేవి. అరకు లోయలో అతను ఏ ఊరి పొలిమేర దాటినా ఆ సంగతి మనుషుల కంటే ముందు పశువులకే తెలిసేది. మేకపోతులు గోడల వెనక్కి నక్కేవి. వాటి తప్పేమీ లేదు. కోడెలకూ పోతులకూ విత్తులు కొట్టడం అతని పని. ముప్పై ఏళ్లుగా అదే పని. ఆ లోయలో అరక లాగే ఎద్దుల్లో సగం అతని చేతి కింద నలిగినవే.

నేను అతన్ని మొదట చూసింది పంతొమ్మిది వందల ఇరవై ఆరులో. మన్యం పితూరీ అణిగి రెండేళ్లయింది. జిల్లేడుగుడలో బడి పెట్టమని మిషను వాళ్లు నన్ను పంపారు. పద్నాలుగిళ్ల ఊరు అది. నాకు ఇరవై నాలుగేళ్లు. పాలకొండ దగ్గర మా ఊరు తప్ప లోకం తెలియదు. పేరు దైవాధీనం గానీ ఆ ఊళ్లో ఎవరూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. మేస్టరనేవారు, నువ్వు అనేవారు. కొండమీద కలెక్టరొచ్చినా నువ్వే. మొదట్లో నాకు ఒళ్లు మండేది, తర్వాత మీరు అనిపించుకోవడమే వింతగా తోచింది.

సుక్రు పొట్టివాడు, దొడ్డికాళ్లవాడు. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినంత పెద్దవి. ఇంట్లో కొండ ఒడియా మాట్లాడేవారు, నాతో తెలుగు. అతని పెళ్లాం కనక అతని కంటే జానెడు పొడుగు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, ఆ చుట్ట తీయకుండానే ఊళ్లో అందరినీ దులిపేసేది. చుట్ట తీసి చేత్తో పట్టుకుందంటే సంగతి పెద్దదన్నమాట. వాళ్లకు పిల్లలు లేరు.

సుక్రు పనికి ఒక పద్ధతుండేది. కోడెను పడగొట్టించాక దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టి, "నీ పిల్లలు నీకెట్టాల్సిన తిండి ఇకమీద ఈ ఇంటోడెడతాడు" అని చెప్పి, యజమాని వైపు చూసేవాడు. యజమాని ఔనని పైకి అనాలి. పని అయ్యాక, తను తినకముందే, ఉడికించిన ఉలవలు దానికి చేత్తో తినిపించాలి. ఒక ఊళ్లో ఉలవలు ఉడకలేదని, పడగొట్టిన కోడెను అలాగే లేపి వదిలేసి మూడు కోసులు వెనక్కి నడిచొచ్చాడట. అంత మొండిఘటం.

నేను చదువుకున్నవాణ్ణి కదా, ఊరుకోలేకపోయాను. "ఎద్దుకు దాని పిల్లలెప్పుడైనా గడ్డి పెట్టాయా మావా?" అన్నాను.

"నీకు పిల్లలున్నారా?"

"లేరు."

"మరి నీకేటి తెలుసు? కూకో."

నీకు మాత్రం ఉన్నారా అని అడిగే మొహం నాకు లేకపోయింది.

వాళ్లకున్నది బాణం. ఎర్రటి కుక్క, సన్నటి నడుము, వదిలితే సూటిగా పోయేది. కొండవాలున ఊరందరి పోడూ ఒక్కచోటే. సామలు, చోళ్లు, కందులు. అడవిపందులు రాత్రికి రాత్రి నేలమట్టం చెయ్యగలిగిన పంటను ఆ ఒక్క కుక్క కాసేది. అందుకని అది సుక్రు కుక్కే అయినా ఊరందరికీ దాని మీద ప్రేమ.

దాని జబ్బల్లా ఒకటే. ఏటా కార్తీకం వచ్చేసరికి అవతలి లోయలో ఆడకుక్కల కోసం కొండ దాటి పోయేది. అక్కడి మగకుక్కలు ఊరుకుంటాయా? నేను వెళ్లిన ఏడు అది చెవి చీలి, మెడ మీద బొక్కతో, పురుగులు పట్టి పాక్కుంటూ వచ్చింది. కనక పొగాకు నీళ్లతో పురుగులు తీసి పసుపు దట్టించింది. పది రోజులకు అది లేచి నిలబడితే, చుట్ట తీసి చేత్తో పట్టుకుంది.

"మళ్లీ ఏడు ఎల్తే శవమే వొత్తాది. నీ సెయ్యి ఊరందరి పశువులకీ పనికొచ్చినాది. మనింటిదానికి పనికిరాదేటి?"

సుక్రు అంతకుముందు కుక్కను ముట్టలేదు. మూడు రోజులు జీలుగు కల్లు కూడా తాగకుండా తిరిగి, నాలుగో రోజు చిన్న కత్తి కాల్చి, పని చేశాడు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. కోసేవాడూ తనే, యజమానీ తనే. మాట ఎవరి దగ్గర తీసుకోవాలి? సుక్రు బాగా ఆలోచించి, కుక్కను ఎత్తుకుని ఊరి నిసాని రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఊరి పెద్దలు కూర్చునేదీ, దేవతకు మొక్కేదీ, మాట ఇచ్చేదీ ఆ రాళ్ల దగ్గరే. ఇది అందరి పంటా కాసింది గనక అందరూ దీనికి పెట్టాలన్నాడు. ఇంటికో ముద్ద, రోజూ, అది బతికినన్నాళ్లూ. పద్నాలుగిళ్లవాళ్లూ ఔనన్నారు. దిసారి గాసి, అంటే ఆ ఊళ్లో పూజా ముహూర్తమూ చూసే పెద్దాయన, రాళ్ల మీద నీళ్లు చిలకరించాడు. నేను కిరస్తానీవాణ్ణి గనక దూరంగా నిలబడి చూశాను.

ఆ రోజు నుంచి బాణం బతుకు మారిపోయింది. పొద్దున లేస్తూనే మొదటి ఇంటి అరుగు ముందు కూర్చునేది. చోడి ముద్ద, అంటే రాగిముద్ద. రెండో ఇంటి ముందు సామబువ్వ ముద్ద. ఒక్క ఇల్లు మరిచేది కాదు. కార్తీకం ధ్యాస పోయింది, తిండి ధ్యాస రెండింతలైంది. ఆడవాళ్లు పిల్లలకు పెట్టేదాని కంటే ఒక పిసరు ఎక్కువే పెట్టేవారు, రాళ్ల ముందు ఇచ్చిన మాట కదా. నాలుగు నెలలకు దాని నడుమెక్కడో ఎవరూ చూపించలేని స్థితికి వచ్చింది. నడిస్తే కడుపు ఒక పక్కకూ అది ఒక పక్కకూ పోయేవి. ఊరివాళ్లు దాన్ని షావుకారని పిలవడం మొదలెట్టారు. అది ఆ పేరుకు కూడా తోక ఊపేది.

ఎవరికీ అనుమానం రాలేదు సరికదా, గర్వపడ్డారు. ఊళ్లో వరహాలనే ఆయన కొడుక్కి పిల్లనివ్వడానికి అవతలి ఊరివాళ్లు వచ్చి, అరుగు మీద పడుకున్న కుక్కను చూసి, "కుక్కకే ఇంత తిండుంటే మా గుంటకి లోటేటుంతాది" అని అక్కడికక్కడే ఒప్పేసుకున్నారు. నేనూ నవ్వాను.

చైత్రంలో ఇటికల పండగ వచ్చింది. ఆ పండక్కి మగవాళ్లు వేటకెళ్తారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కొడతారు. ఆ ఏడు బాణం మొదటి చెట్టు నీడనే కూర్చుండిపోయింది. మగవాళ్లు ఉత్త చేతులతో వచ్చారు. ఊరంతా పేడకంపు, నవ్వులు. అప్పుడూ ఎవరికీ తట్టలేదు.

జ్యేష్ఠంలో నవ్వు ఆగిపోయింది. పోడుకు వెళ్లే దారిలో మూడు మలుపులున్నాయి. మూడో మలుపు దగ్గర బాణం పక్కకు ఒరిగిపోయింది. నాలుక నల్లబడింది, డొక్కలు ఎగసిపడుతున్నాయి, ఊపిరి మాత్రం అందడం లేదు. సుక్రు దాన్ని మేకపిల్లను వేసుకున్నట్టు మెడ మీద వేసుకుని కిందకు దిగాడు. ఆ రోజు అది బతికింది. ఆ తర్వాత పది అడుగులు వేస్తే కూలబడేది.

సుక్రు దాని పక్కన కూర్చుని లేవలేదు. "నా సెయ్యి తప్పినాది. తెగకూడని నరమేదో తెగినాది" అనేవాడు. ముప్పై ఏళ్ల చెయ్యి మీద అతనికి ఒక్కసారిగా నమ్మకం పోయింది. పనిముట్లు చూరులో దోపేశాడు. ఏ ఊరి నుంచి కబురొచ్చినా వెళ్లలేదు. గాసి కోడిని కోసి మొక్కు చెల్లించాడు, ఏమీ కాలేదు. ఆడవాళ్లు జాలిపడి ముద్దలు ఇంకాస్త పెంచారు. కుక్క చచ్చిపోతుందని అందరికీ తెలుస్తూనే ఉంది, పైకి అన్నవాళ్లు లేరు.

ఆషాఢంలో పక్క ఊరి సింహాచలం వచ్చాడు. నిరుడు సుక్రు ఒకే రోజు కొట్టిన అతని రెండు కోడెల్లో ఒకటి పైకి లేవలేకపోతోందట. తిట్టడానికే వచ్చాడు. సుక్రు తల దించుకుని అతని వెంట వెళ్లాడు. అతను ఇక ఊళ్లోనే ఉండడేమో, ఎటైనా పోతాడేమోనని కనక భయపడి నన్ను తోడు పంపింది.

సింహాచలం శాలలో ఆ రెండూ ఒక తల్లి పిల్లలే. ఒకటి అరక నుంచి అప్పుడే విప్పింది, చెమటతో మెరుస్తోంది. రెండోది వేరే జతలోది, దాని జోడెద్దు ముసర రోగం తగిలి చచ్చిపోవడంతో ఏడాదిగా శాలలోనే ఉంది. తిండి మాత్రం రెంటికీ సమానంగా పెట్టాడు సింహాచలం. "నువ్వే కదా మాట తీసుకున్నావు?" అని నిలదీశాడు. సుక్రు అరక లాగే ఎద్దుకు విత్తులు కొట్టిన చోట మచ్చ తడిమాడు. పడుకున్న ఎద్దు మచ్చ తడిమాడు. రెండూ ఒక్కలాగే మానాయి. తర్వాత పక్కటెముకలు తడిమాడు. మొదటిదానికి వేళ్లకు తగిలాయి, రెండోదానికి తగల్లేదు. మళ్లీ మొదటి దాని దగ్గరికి వెళ్లాడు. అలా నాలుగుసార్లు తిరిగి, పేడలోనే కూలబడ్డాడు.

"మేస్టరూ," అన్నాడు, "నా సెయ్యి మంచిదే. పాడుది నా నోరు."

దారంతా అదే మాట. "విత్తులు తీసేత్తే ఒంట్లో వేడి తగ్గుతాది. తిరుగుడు తగ్గుతాది. ఆకలి మాత్రం పెరుగుతాది. ఎద్దుకి అరకుంది, అరిగిపోతాది. కుక్కకేటుంది? పద్నాలుగిళ్లున్నాయి. అందరం కలిసి దాన్ని సంపేత్తన్నాం మేస్టరూ, పేమగా సంపేత్తన్నాం."

మర్నాడు పొద్దున్నే నిసాని రాళ్ల దగ్గర ఊరంతా కూర్చుంది. మాట వెనక్కి తీసుకుంటానన్నాడు సుక్రు. గాసి ఒప్పుకోలేదు. కోపంతో కాదు, నిజంగానే బాధపడ్డాడు.

"రాళ్ల ముందల సెప్పిన మాట మనది కాదు సుక్రూ. నువ్వు అడిగినావు, పద్నాలుగిళ్లోలూ ఔనన్నారు. ఇప్పుడు మానేత్తే రేపు ఎవుడైనా ఏ మాటైనా మానేత్తాడు."

"అయితే కుక్క సచ్చిపోతాది."

"నాను మాత్రం సావమన్నానా?"

ఎవరికీ దారి కనబడలేదు. సుక్రు పెద్ద చేతులు రెండూ మోకాళ్ల మీద వేలాడేసుకుని కూర్చున్నాడు. అప్పుడు వెనక నుంచి కనక ముందుకొచ్చింది. చుట్ట చేత్తో పట్టుకుని ఉంది.

"ఇంటికో ముద్దన్నాడు మా ముసలోడు. ఎంత ముద్దో అన్నాడా?"

గాసి రాళ్ల వంక చూశాడు. "అన్నేదు" అన్నాడు చివరికి, గొంతులో నవ్వు ఆపుకోలేక. పక్కనే నేరేడుచెట్టు ఉంది. ఒక పండు కోసి రాయి మీద పెట్టాడు. "ఇదీ ముద్ద" అన్నాడు.

అలా మాట నిలిచింది, ముద్ద చిక్కింది. చిక్కిన ముద్దలో సగం ఉడికించిన గుమ్మడికాయ కలపమంది కనక, కడుపు ఖాళీగా ఉంటే అది ఏడుస్తుందని. ప్రతి సంతరోజూ సుక్రు దాన్ని ఒళ్లో వేసుకుని, కళ్లు మూసుకుని, వేళ్లతో పక్కటెముకల కోసం వెతికేవాడు.

ఒక నెల వెతికాడు. తగల్లేదు. ఇంకో పదిహేను రోజులు. తగల్లేదు. ఊళ్లో ఎవరో దొంగతనంగా పెడుతున్నారన్న మాట పుట్టింది. ఆడవాళ్లు ఒకరినొకరు అనుమానించుకున్నారు. అసిరమ్మ జాలిగుండెది గనక అందరూ ఆమెనే అన్నారు. ఆమె రాళ్ల దగ్గర తల బాదుకుని ఏడ్చింది, తను పెట్టలేదని. నేను బడి గుమ్మంలో నిలబడి విన్నాను. విని లోపలికి వెళ్లిపోయాను.

పెడుతున్నది నేనే.

ఇంత రాసి ఇప్పుడు దాచడమెందుకు? మధ్యాహ్నం బడి వదిలాక బాణం నా గుమ్మంలోకి వచ్చేది. ఊళ్లో వరి అన్నం వండుకునేది నేనొక్కణ్ణే. ఎండు నెత్తళ్లు వేయించుకునేవాణ్ణి. దానికి సగం పెట్టి నేను సగం తినేవాణ్ణి. గాసి నేరేడుపండు కోసిన రోజు కూడా పెట్టాను. నేను రాళ్ల ముందు ఏ మాటా ఇవ్వలేదు కదా, నా లెక్క వేరని నాకు నేను చెప్పుకున్నాను. నిజమేమిటంటే, అది రాకపోతే ఆ గదిలో నాకు ముద్ద దిగేది కాదు.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం సుక్రు నేరుగా లోపలికొచ్చాడు. కుక్క నా పళ్లెంలో తల పెట్టి ఉంది. అతను గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని, అది తినడం ముగించేదాకా చూశాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"నువ్వు రాళ్ల ముందల మాటియ్యలేదు. నిన్ను అడగడానికి నాకు నోరు నేదు" అన్నాడు. "అది సచ్చిపోనాక ఎవరితో తింతావు మేస్టరూ?"

ఏడుపొచ్చేసింది. మా అమ్మను వదిలి కొండెక్కిన రోజు కూడా అంత ఏడవలేదు. "ఒక్కణ్ణే తినలేను మావా" అన్నాను.

"అదేదో ముందలే సెప్పొచ్చు కదా. లెగు. మా ఇంట్లో తిందువుగాని."

ముందు అసిరమ్మ ఇంటికెళ్లి చెప్పుకున్నాను. ఆవిడ నన్ను నాలుగు తిట్టి, చెంగుతో మొహం తుడుచుకుని, ఇంకో నాలుగు తిట్టింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం తిండి సుక్రు ఇంట్లో. బాణం మా ముగ్గురి మధ్య కూర్చుని ఒక్కొక్కరి నోటి వంక మార్చి మార్చి చూసేది. ఆ చూపు తట్టుకోవడం అంత తేలిక కాదు. కనక గోడవైపు తిరిగి తినేది. తింటూనే, "నావంక సూడకురా, నీ కాళ్లట్టుకుంతాను" అని బతిమాలేది.

తిండి తగ్గితే చాలదు, అరగాలి కూడా. సుక్రు పొద్దున్నే దాన్ని పోడు దారి పట్టించేవాడు. మొదట ఇల్లు దాటి వెదురు పొద దాకా. కార్తీకానికి మొదటి మలుపు. ఎక్కడ కూలబడితే అక్కడ అతను దాని ముందు గొంతుక్కూర్చునేవాడు, అది ముందరి కాళ్లు అతని భుజాల మీద వేసేది, వీపున మోసుకుని దించేవాడు. యాభై దాటిన మనిషి. కనక తిట్టేది. ఊరివాళ్లు షావుకారు గుర్రమెక్కాడని నవ్వేవారు. మార్గశిరంలో రెండో మలుపు. ఆ నెలలోనే ఒక సంతరోజు సుక్రు వేళ్లు డొక్క మీద ఆగిపోయాయి. నా చెయ్యి లాగి అక్కడ పెట్టాడు. గొంగడి కింద గులకరాళ్లు తడిమినట్టు, లోపలెక్కడో ఎముకలు తగిలాయి. చూరులోని పనిముట్లు మర్నాడు కిందకు దిగాయి.

మూడో మలుపు మాత్రం లొంగలేదు. పుష్యమంతా అది అక్కడి దాకా వచ్చేది, పడిపోయిన చోటు వాసన చూసేది, కూర్చునేది. సుక్రు గొంతుక్కూర్చునేవాడు. ఇంక దీని బతుకు ఇంతేనేమోనని నాకనిపించేది. అతను మాత్రం మర్నాడు మళ్లీ దాన్ని అక్కడికే తీసుకొచ్చేవాడు.

మాఘంలో ఒక పొద్దున నేనూ వెంట వెళ్లాను. మంచు ఇంకా కింద లోయలోనే ఉంది. వెనకాల కనక కందికాయ కోయడానికి బుట్టతో వస్తోంది. మూడో మలుపు దగ్గరికి రాగానే సుక్రు గొంతుక్కూర్చుని వీపు చూపించాడు. చేతులు వెనక్కి చాపాడు. బాణం వచ్చి అతని చెవి వాసన చూసింది. తర్వాత పక్కనుంచి దాటుకుని పైకి వెళ్లిపోయింది.

సుక్రు లేవలేదు. చేతులు వెనక్కి చాపుకుని అలాగే ఉన్నాడు. నేను వెళ్లి మొహం చూస్తే, కన్నీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి.

"ఏటైనాది?" కింద మలుపులోంచి కనక కేకేసింది. "పడిపోనాదా?"

అతను అరచేత్తో గడ్డం తుడుచుకున్నాడు.

"నేదే," అన్నాడు. "నన్నొగ్గేసి ఎల్లిపోనాది!"